సిలిండర్ ఎందుకు ఖాళీగా ఉంది?

1995 ఫిబ్రవరిలో పంజాబ్‌లోని లూధియానాలో, ఒక ఆస్పత్రిలో చేరిన రోగికి రాత్రి పదకొండు గంటల వేళ ఊపిరి ఆడటం కష్టమైంది. పెద్ద కొడుకు గదిలోనే ఉన్నాడు. నర్సుకు చెప్పాడు. డాక్టర్లు రావడానికి ఇరవై, పాతిక నిమిషాలు పట్టిందని కుటుంబం తర్వాత ఇచ్చిన ఫిర్యాదులో ఉంది. వచ్చిన ఇద్దరు డాక్టర్లు ఆక్సిజన్ పెట్టారు. అయినా ఆయాసం తగ్గలేదు, ఇంకా పెరిగింది. చూస్తే సిలిండర్ ఖాళీ. గదిలో ఇంకొకటి లేదు. కొడుకే పక్క గదికి పరిగెత్తి మరో సిలిండర్ తెచ్చాడు. దాన్ని పనిచేయించే ఏర్పాటు అక్కడ లేదు. ఆ హడావిడిలో ఐదు నుంచి ఏడు నిమిషాలు గడిచిపోయాయి. ఈలోపు రోగి ప్రాణం పోయింది.

డాక్టర్ల మీద ఐపీసీ 304ఎ (నిర్లక్ష్యం వల్ల మరణం) కింద క్రిమినల్ కేసు పెట్టారు. అది పదేళ్లు నడిచి, 2005 ఆగస్టు 5న సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. ఆ డాక్టర్లలో ఒకరి పేరుతో, జాకబ్ మాథ్యూ కేసుగా న్యాయవాదులకీ డాక్టర్లకీ బాగా తెలిసిన తీర్పు అది. సిలిండర్ సిద్ధంగా ఉంచకపోవడం ఆస్పత్రి మీద నష్టపరిహారం దావాకు దారితీయవచ్చు గానీ, ఆ ఇద్దరు డాక్టర్లను నేరస్థులుగా నిలబెట్టడానికి సరిపోదని కోర్టు తేల్చింది. డాక్టరు మీద క్రిమినల్ కేసు నడపాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలనీ, ముందుగా ఆ రంగం తెలిసిన మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనీ చెప్పింది.

న్యాయపరంగా ఆ తీర్పు సబబే. కానీ పదేళ్ల వాదోపవాదాల తర్వాత కూడా ఒక ప్రశ్న అలాగే మిగిలింది. ఆ సిలిండర్ ఎందుకు ఖాళీగా ఉంది? షిఫ్ట్ మారేటప్పుడు మీటరు చూసే పని ఎవరిది? అయిపోయిన సిలిండర్లనూ నిండువాటినీ విడివిడిగా పెట్టే చోటుందా? సిలిండర్ తిప్పే కీ దానికే కట్టి ఉంటుందా, లేక వార్డంతటికీ ఒకటేనా? ఇవి క్రిమినల్ కోర్టు అడగాల్సిన ప్రశ్నలు కావు. ముద్దాయి దోషా కాదా అన్నదే దాని పని. అందుకే ఈ ప్రశ్నలు అడగడానికి ఇంకో చోటు కావాలి. అక్కడికి వచ్చినవాళ్లు ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా మాట్లాడగలగాలి.

మన పత్రికల జిల్లా పేజీల్లో ఈ వార్తలకు ఒక మూస ఉంది. "వైద్యుల నిర్లక్ష్యం వల్లే బాలింత మృతి", "బంధువుల ఆందోళన", మర్నాడు "విచారణకు ఆదేశం", ఆ మర్నాడు "వైద్యుడిపై వేటు". నాలుగో రోజు వార్త ఉండదు. కుటుంబం బాధ నిజం. ఆస్పత్రి మెట్ల మీద శవాన్ని పెట్టుకుని కూర్చున్నవాళ్లకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. కాబట్టి అధికారులు చేతికి దొరికే జవాబు చెబుతారు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో రోస్టర్ చూసి, ఆ పేరు మీద సస్పెన్షన్ ఉత్తర్వు ఇస్తారు.

ఆ ఉత్తర్వు వచ్చిన క్షణం నుంచి ఆస్పత్రిలో నోళ్లు మూతపడతాయి. స్టాఫ్ నర్సు తాను చూసిందంతా చెప్పదు, తనకు మెమో రాకుండా కాపాడేంత వరకే చెబుతుంది. కేస్ షీట్‌లో టైములు సర్దుకుంటాయి. "బీపీ చూశాం, సీనియర్‌కి ఫోన్ చేశాం, రిఫర్ చేశాం" అన్న వాక్యాలు పద్ధతిగా వచ్చి చేరతాయి. విచారణ కమిటీకి చివరకు అందేది అసలు జరిగినదానికి దగ్గరగా కూడా ఉండదు. దాన్ని బట్టి ఎన్ని సిఫార్సులు రాసినా లాభం తక్కువే. "ఎవరినీ నిందించకుండా నేర్చుకోవాలి" అన్న మాట వింటే చాలామందికి డాక్టర్లను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి దాని అవసరం రోగికే ఎక్కువ. జరిగింది జరిగినట్టు బయటికి రావాలంటే దారి అదొక్కటే.

దీనికి ఎక్కువ చర్చకు వచ్చిన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌ది. రక్త క్యాన్సర్ ఉన్న 18 ఏళ్ల కుర్రాడు. వ్యాధి అదుపులోనే ఉంది, తిరగబెట్టకుండా ఇచ్చే మందుల కోసం 2001 జనవరి 4న ఆస్పత్రికి వచ్చాడు. ఆ చికిత్సలో రెండు మందులున్నాయి. సైటారబిన్‌ను వెన్నులోకి ఎక్కించాలి. విన్‌క్రిస్టిన్‌ను రక్తనాళంలోకే ఎక్కించాలి. విన్‌క్రిస్టిన్ వెన్నులోకి వెళ్తే నరాలను కాళ్ల నుంచి పైకి దెబ్బతీసుకుంటూ పోతుంది, దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది. ఆ రోజు రెండు సిరంజిలూ ఒకే ప్యాకెట్లో వార్డుకు వచ్చాయి. రెండింటి మూతీ ఒకటే కొలత, రెండూ ఒకే సూదికి పడతాయి. పర్యవేక్షించాల్సిన సీనియర్ డాక్టరు (అక్కడ రిజిస్ట్రార్ అంటారు) ఆ పోస్టులో చేరి మూడో రోజు. సూది వేస్తున్నది ఆయనకంటే జూనియర్. మొదటి మందు ఎక్కించాక రెండో సిరంజి చేతికి రాగానే జూనియర్ ఆగాడు, "విన్‌క్రిస్టినా?" అని అడిగాడు. అవునన్నారు. "వెన్నులోకేనా?" అని మళ్లీ అడిగాడు. అవునన్నారు. ఎక్కించాడు. కుర్రాడు ఫిబ్రవరి 2న చనిపోయాడు.

ఆ రెండు ప్రశ్నల దగ్గర కాసేపు ఆగాలి. జూనియర్‌కు అనుమానం వచ్చింది. వచ్చింది కాబట్టే ఒకటికి రెండుసార్లు అడిగాడు. సీనియర్ అవునన్నాక మూడోసారి అడ్డుపడే చనువు అతనికి లేదు. మన మెడికల్ కాలేజీల్లో హౌస్ సర్జన్‌గా పనిచేసిన ఎవరిని అడిగినా ఈ పరిస్థితి అర్థమవుతుంది. "సార్ చెప్పాక ఎలా కాదంటాం?" అన్న మాట అక్కడ రోజూ వినబడేదే. నర్సులకైతే ఇంకా కష్టం. అనుమానం నోటిదాకా వచ్చి ఆగిపోవడం వల్ల పోయిన ప్రాణాలను ఏ లెక్కల పుస్తకమూ పట్టుకోలేదు.

అంతకన్నా బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. ఈ ప్రమాదం కొత్తది కాదు. బ్రిటన్ ప్రధాన వైద్యాధికారి లియామ్ డొనాల్డ్‌సన్ అధ్యక్షతన పనిచేసిన నిపుణుల బృందం 2000లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వెన్నులోకి తప్పు మందు ఎక్కించడం వల్ల 1985 నుంచి కనీసం 13 మంది చనిపోవడమో, పక్షవాతం బారిన పడటమో జరిగింది. 2001 చివరికల్లా ఇలాంటి మరణాలను సున్నాకు తేవాలని ప్రభుత్వం లక్ష్యం కూడా పెట్టుకుంది. ఆ ఏడాది మొదటి వారంలోనే నాటింగ్‌హామ్ ఘటన జరిగింది. అంటే అంతకుముందు ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో డాక్టరు దగ్గర విషయం తెగిపోయింది, ఒక చోటి అనుభవం పక్క ఊరి ఆస్పత్రికి అందలేదు.

రిజిస్ట్రార్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. 2003లో ఆయనకు ఎనిమిది నెలల జైలు శిక్ష పడింది. శిక్ష వల్ల సిరంజి మూతి మారదు కదా. నాటింగ్‌హామ్ మరణంపై విడిగా విచారణ జరిపిన ప్రొఫెసర్ బ్రయన్ టాఫ్ట్ మాత్రం ఒక మనిషి తప్పు దగ్గర ఆగలేదు. మందులు ఫార్మసీ నుంచి ఎలా కదిలాయి, లేబుళ్లు ఎలా ఉన్నాయి, కొత్తగా చేరినవాళ్లకు ఏం చెప్పారు, ఎవరు ఏమనుకుని ఏం చేశారు అన్నదంతా వరసగా పరిశీలించారు. అలాంటి పరిశీలనల నుంచే అసలు పరిష్కారాలు వచ్చాయి. విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి పంపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరిక జారీ చేసింది. బ్యాగులో ఉన్న అంత ద్రవాన్ని వెన్నులోకి ఎక్కించాలని ఎవరికీ తోచదు, ఎంత అలసిపోయి ఉన్నా సరే. 2016లో వెన్ను సూదులకు వేరే మూతి కొలతతో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మామూలు సిరంజి ఆ సూదికి పట్టదు. మనిషి మర్చిపోయినా వస్తువే అడ్డుపడుతుంది.

ఇది మన వార్డులకు దూరపు సంగతి కాదు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌నే తీసుకోండి. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అదే సైజు, అదే రంగు లేని ద్రవం ఉన్న ఇతర ఆంప్యూల్స్ పక్కనే, అదే ట్రేలో అది పడి ఉంటే, నైట్ డ్యూటీలో నలభై మంది రోగులను ఒక్కతే చూసుకునే నర్సు ఎన్ని రాత్రులు తప్పకుండా గుర్తుపట్టగలదు? ఒక రాత్రి పొరపాటు జరిగితే ఆమెను సస్పెండ్ చేయొచ్చు. ఆమె చోట వచ్చే నర్సుకు కూడా అదే ట్రే ఎదురవుతుంది. ఆంప్యూల్స్‌ను ట్రేలోంచి తీసి తాళం వేసిన అల్మారాలో పెట్టడానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఆస్పత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీహెచ్ సంస్థ గుర్తింపు కావాలంటే ఇలాంటి ప్రమాదకర మందులను విడిగా పెట్టాలన్న నియమం ఉంది. ఆ గుర్తింపు జోలికి వెళ్లని ఆస్పత్రులే మనకు ఎక్కువ.

నింద లేకుండా సమాచారం రాబట్టడం ఎలాగో విమానయానం ముందే నేర్చుకుంది, అదీ చాలా పెద్ద ధర చెల్లించి. 1974 డిసెంబర్ 1న అమెరికాలో వాషింగ్టన్ దగ్గర ఒక ప్రయాణికుల విమానం కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. ల్యాండింగ్ అనుమతిలోని మాటలను పైలట్లు ఒకలా, కంట్రోలర్ ఇంకోలా అర్థం చేసుకున్నారు. సరిగ్గా అలాంటి పొరపాటే ఆరు వారాల ముందు మరో సంస్థ విమానానికి జరిగి, అది త్రుటిలో తప్పించుకుంది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. మిగతా సంస్థలకు ఆ కబురు అందలేదు. దాని తర్వాత 1976లో పైలట్లు తమ పొరపాట్లను తామే చెప్పుకునే వ్యవస్థ మొదలైంది. దాని నిర్వహణను లైసెన్సు రద్దు చేసే అధికారం ఉన్న శాఖకు ఇవ్వకుండా, ఆ అధికారం ఏమాత్రం లేని నాసాకు అప్పగించారు. పైలట్లు నిజం రాయడానికి ముఖ్య కారణం అదే. పది రోజుల్లోపు నివేదిక పంపితే, కావాలని చేసిన తప్పు కానప్పుడు, జరిమానా నుంచి రక్షణ కూడా ఇచ్చారు.

వైద్యంలో ఈ పద్ధతికి ఇంకా పాత చరిత్ర ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952 నుంచీ ప్రతి మాతృ మరణాన్నీ గోప్యంగా సమీక్షిస్తున్నారు. తల్లి పేరు, ఆస్పత్రి పేరు, డాక్టరు పేరు తీసేసి, కేసు వివరాలను మాత్రం నిపుణులు చదువుతారు. ఏం చేసి ఉంటే బతికేదో రాస్తారు. కొన్నేళ్లకోసారి అన్నీ కలిపి పుస్తకంగా వేస్తారు. దేశమంతటా ప్రసూతి డాక్టర్లు దాన్ని చదువుతారు.

మన దేశంలో ఈ దారి పట్టిన తొలి రాష్ట్రం కేరళ. 2004లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘాల సమాఖ్య, డాక్టర్ వి.పి.పైలీ నాయకత్వంలో, ప్రభుత్వ అనుమతితో గోప్య సమీక్ష మొదలుపెట్టింది. కేస్ షీట్ నకలులో పేర్లు, గుర్తులు తుడిచేసి పంపితే, సీనియర్ డాక్టర్లు చదివి అభిప్రాయం రాస్తారు. ఇవన్నీ ఒకచోట చేరాక తేలిందేమిటంటే, కాన్పు తర్వాతి రక్తస్రావమే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంటోంది, ఆ తర్వాత బీపీ. ఏ ఒక్క ఆస్పత్రికీ తనంతట తాను ఇది కనిపించదు, ఎందుకంటే అక్కడ ఏడాదికి ఒక మరణమో, అదీ లేకపోవడమో. కాన్పయిన తొలి రెండు గంటలు తల్లిని వార్డులోకి తోసేయకుండా దగ్గరుండి నాడి, బీపీ, రక్తం పోవడం చూడాలన్న నియమానికి బలం ఇక్కడి నుంచే వచ్చింది. రక్తస్రావాన్ని వెంటనే ఆపే క్లాంపులను పైలీ బృందమే రూపొందించి, వాడకంలో శిక్షణ ఇచ్చింది.

అంకెలు చూద్దాం. లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 2004-06లో కేరళలో 95, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 154. 2018-20కి వచ్చేసరికి కేరళ 19కి, తెలంగాణ 43కి, ఆంధ్రప్రదేశ్ 45కి తగ్గాయి. మన తగ్గుదల తక్కువేమీ కాదు. 108 అంబులెన్సులు, ఆస్పత్రి కాన్పులు, ఆశా కార్యకర్తల శ్రమ దాని వెనక ఉన్నాయి. కేరళ అంకెకు కూడా సమీక్ష ఒక్కటే కారణం అనలేం, అక్కడి చదువూ ఆస్పత్రులూ ముందునుంచీ వేరు. కాకపోతే ఇప్పుడు మిగిలినవి కష్టమైన మరణాలు. తల్లి ఆస్పత్రికి చేరుకుంది, డాక్టరు ఉన్నారు, అయినా పోయింది. ఇలాంటివాటిని తగ్గించాలంటే లోపల ఏం జరిగిందో నిమిషాల వారీగా తెలియాలి.

తెలుగు రాష్ట్రాల్లోనూ మాతృ మరణాల సమీక్ష ఉంది. కేంద్రం 2010లో మార్గదర్శకాలిచ్చింది, 2017లో వాటిని సవరించింది. పేరు వద్దు, నింద వద్దు అన్నది వాటిలో రాసుకున్న సూత్రమే. మరణం జరిగిన 24 గంటల్లో సమాచారం పైకి వెళ్లాలి. ఊళ్లో కుటుంబాన్ని కలిసి వివరాలు రాసుకోవాలి. ఆస్పత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యమైందా, దారిలోనా, ఆస్పత్రిలో చికిత్స మొదలవడంలోనా అని విడదీసి చూడాలి. జిల్లా స్థాయిలో డీఎంహెచ్‌ఓ కమిటీ, ఆపైన కలెక్టర్ సమీక్ష చేస్తారు. కలెక్టర్ సమీక్షకు చనిపోయినామె బంధువులను కూడా పిలవాలి.

కాగితం మీద ఇది మంచి పద్ధతి. చిక్కల్లా కలెక్టర్ హోదాలోనే ఉంది. సమీక్షలో "ఏం జరిగిందమ్మా, భయపడకుండా చెప్పు" అని అడిగే అధికారి, అదే సాయంత్రం షోకాజ్ నోటీసు ఇప్పించగలిగే అధికారి కూడా. ఏఎన్‌ఎంకి ఆ సంగతి తెలుసు. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ గదిలోకి వచ్చేవాళ్లు రిజిస్టర్లు సర్దుకుని, జవాబులు బట్టీపట్టుకుని వస్తారు. కలెక్టర్ ఎంత మంచివారైనా ఇందులో మార్పు రాదు.

భయం ప్రభావం సమావేశం గదిలోనే ఆగితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. అది చికిత్సనే మారుస్తోంది. "మా దగ్గర మాత్రం చనిపోకూడదు" అన్న ఆలోచనతో ఏ కాస్త రిస్కు కనిపించినా పై ఆస్పత్రికి రాసేస్తారు. పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆస్పత్రి, అక్కడి నుంచి జిల్లా కేంద్రం, అక్కడి నుంచి గాంధీకో కేజీహెచ్‌కో. ప్రతి మజిలీలో కొత్త కేస్ షీట్, మళ్లీ మొదటి నుంచి పరీక్షలు. రక్తం పోతున్న తల్లికి ఆ ప్రయాణమే శత్రువు. మొదటి చోటే ఒక ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కించి, గర్భాశయం మర్దన చేస్తూ పంపి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. కానీ చేయి వేసినవాళ్ల మీదకే కేసు వస్తుందన్న భయం ఆ చేతిని ఆపేస్తుంది.

అయితే అన్నిటినీ పొరపాటు ఖాతాలో వేయడం కుదరదు. డ్యూటీ టైములో సొంత క్లినిక్‌లో కూర్చున్నా, తాగి ఆపరేషన్‌కు వచ్చినా, కేస్ షీట్ దిద్దినా అది పొరపాటు కాదు, తెలిసి చేసిన పని. వాటికి శిక్ష ఉండాలి, కఠినంగానే ఉండాలి. తేడా తెలుసుకోవడానికి భద్రతా నిపుణులు వాడే పరీక్ష సులువైనది. అదే చదువు, అదే అనుభవం ఉన్న ఇంకొకరిని ఆ రాత్రి, ఆ వార్డులో, ఆ రద్దీలో నిలబెడితే వాళ్లూ అదే చేసి ఉండేవారా? చేసి ఉండేవారైతే తప్పు వెతకాల్సింది వార్డులో. ఎవరూ అలా చేయరు అనిపిస్తే అప్పుడు మనిషి వైపు చూడాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్య మరణానికి మిగతావారికి ఐదేళ్ల దాకా, డాక్టర్లకు రెండేళ్ల దాకా జైలు అంటోంది. ఏళ్లు ఎన్నన్నదాని మీద బాగానే చర్చ జరిగింది. నివేదిక ఇచ్చినవాళ్ల మాటలను వాళ్ల మీదే సాక్ష్యంగా వాడకూడదన్న రక్షణ గురించి అందులో పదో వంతు చర్చ కూడా జరగలేదు.

అలాంటి రక్షణ మనకు తెలియనిదేమీ కాదు. 2010లో మొదలైన మందుల దుష్ప్రభావాల పర్యవేక్షణ కార్యక్రమంలో డాక్టర్లు నింపే ఫారం మీదే ఆ మాట ఉంటుంది. రోగి వివరాలు గోప్యం, నివేదిక పంపినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు అని. 2012 డిసెంబర్‌లో రక్తమార్పిడి సమస్యలకూ ఇలాంటి కార్యక్రమం మొదలైంది. మందుకూ రక్తానికీ ఇచ్చిన ఈ వెసులుబాటును తప్పు సూదికీ, ఖాళీ సిలిండర్‌కూ ఎందుకు ఇవ్వకూడదు? ఒక ఆస్పత్రిలో పొరపాటు నివేదికలు పెరిగితే అక్కడ ప్రమాదాలు పెరిగాయని కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు అక్కడివాళ్లు నోరు విప్పుతున్నారని అర్థం. ఏడాదంతా ఒక్క నివేదికా రాని మూడొందల పడకల ఆస్పత్రిని చూసి మాత్రం టెన్షన్ పడాలి.

మరి కుటుంబం సంగతి? వాళ్లకు నిజం తెలియాలి, నష్టపరిహారం అందాలి. ఇప్పుడున్న దారిలో ఆ రెండూ ఆలస్యమే. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో జరిగిన ఆపరేషన్ తర్వాత ఒక యువకుడి కాళ్లు చచ్చుబడ్డాయి. న్యూరోసర్జన్ లేకుండా, ఆ ఆపరేషన్‌కు సరైన సమ్మతి తీసుకోకుండా చేశారన్నది అభియోగం. అది నిరూపణ అయింది. సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది, 2009లో. అంటే పందొమ్మిదేళ్లు. న్యూజిలాండ్‌లో ప్రమాదాల పరిహారానికి 1974 నుంచీ ప్రభుత్వ నిధి ఉంది. చికిత్స వల్ల గాయమైందని తేలితే చాలు, ఎవరి తప్పో నిరూపించే పని 2005 సవరణతో పూర్తిగా పోయింది. పరిహారం కోసం డాక్టరును దోషిగా నిలబెట్టక్కర్లేనప్పుడు, డాక్టరుకు కుటుంబం ముందు కూర్చుని జరిగింది చెప్పి, క్షమించమని అడగడం తేలికవుతుంది.

అంత పెద్ద చట్టం రావడానికి మన దగ్గర ఏళ్లు పట్టొచ్చు. జిల్లా సమీక్షను మార్చడానికి మాత్రం చట్టం అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. సమీక్షను వేరే జిల్లా మెడికల్ కాలేజీ నిపుణులకు, పేర్లు తీసేసి అప్పగించొచ్చు. తెలిసి చేసిన తప్పు కనిపిస్తే దాన్ని వేరే అధికారి వేరే ఫైలులో చూస్తారు, సమీక్షలో చెప్పిన మాటలు ఆ ఫైలులోకి వెళ్లవు. కుటుంబానికి నెలలోపు, అర్థమయ్యే తెలుగులో, ఏం జరిగిందో రాతపూర్వకంగా ఇస్తారు. సమీక్షలో తేలిన విషయం ఆ తల్లి మొదట వెళ్లిన పీహెచ్‌సీకి తిరిగి వెళ్తుంది. అక్కడి ఏఎన్‌ఎం, స్టాఫ్ నర్సు, మెడికల్ ఆఫీసర్ కలిసి దాన్ని చదువుతారు, పక్క మండలాల పీహెచ్‌సీల్లోనూ చదువుతారు. ఆ రోజు ఆ పీహెచ్‌సీలో రక్తస్రావం ఆపే ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉందా, ఫ్రిజ్‌కు కరెంటు ఉందా, సిలిండర్‌లో ఆక్సిజన్ ఉందా అన్నది వాళ్లు అప్పటికప్పుడు వెళ్లి చూసుకోవచ్చు.